ఇంటికి చేరని స్వరం
(ఫ్రాంజ్ వాక్స్‌మన్ జీవితం)

దెయ్యం సినిమా చూస్తూ భయమేస్తే మనలో చాలామంది కళ్లు మూసుకుంటాం. నిజానికి మూసుకోవాల్సింది చెవులు. నమ్మకం లేకపోతే ఈ రాత్రే హాస్టల్ రూమ్‌లో ఓ హారర్ సినిమా పెట్టి, సౌండ్ మొత్తం తీసేసి చూడండి. తలుపు తెరుచుకుంటుంది, ఎవరో మెట్లు దిగుతారు, అంతే. ఇందులో భయపడాల్సింది ఏముందా అనిపిస్తుంది.

బొర్రా గుహల్లోకి దిగినవాళ్లకి ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు. అక్కడ రాళ్ల మీద రంగుల లైట్లు పడుతుంటే ఫొటోలు దిగుతాం, నవ్వుకుంటాం. జనం కాస్త పలచబడ్డాక ఎక్కడో నీటి చుక్క పడుతుంది. అది మన పక్కనే పడిందో, కింద లోతులో పడిందో చెవికి అందదు. రాతి గోడలు ఆ చిన్న చప్పుడుని పట్టుకుని అటూ ఇటూ తిప్పి మనకి పంపుతాయి. చూపు ఆగిపోయిన చోట చెవి పని మొదలుపెడుతుంది. భయం పుట్టేది అక్కడే.

సినిమా హాల్లో కుర్చీలో కూర్చున్న మనిషి చుట్టూ అలాంటి గుహని ఆర్కెస్ట్రాతో కట్టిన తొలి తరం సంగీత దర్శకుల్లో ఫ్రాంజ్ వాక్స్‌మన్ ఒకడు. 1935లో వచ్చిన 'బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్' ఆయన అమెరికాలో పేరు తెచ్చుకున్న సినిమా. ఆ తర్వాత వచ్చిన ఎన్నో హారర్ సినిమాల నేపథ్య సంగీతానికి అది పాఠ్యపుస్తకం లాంటిది. కానీ ఆ సంగీతం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే ఆయన కథ మొదటినుంచీ చెప్పుకోవాలి.

ఇనుము ఊరి కుర్రాడు

ఫ్రాంజ్ 1906 డిసెంబర్ 24న అప్పటి జర్మనీలోని సైలీషియా ప్రాంతంలో, క్యోనిగ్స్‌హ్యూటె అనే ఊళ్లో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. ఆ ఊరి పేరుకి అర్థమే రాజుగారి ఇనుప కర్మాగారం అని. బొగ్గు గనులు, కొలుములు, పొగ గొట్టాలు, వాటి మధ్య ఇళ్లు. బైలడిల్లా ఖనిజంతో బొర్రా సొరంగాలు దాటుకుంటూ విశాఖకి దిగే గూడ్సు బళ్లని చూస్తూ పెరిగినవాళ్లకి ఆ వాతావరణం ఊహకి అందుతుంది. తండ్రి ఉద్యోగం కూడా ఉక్కు వ్యాపారంలోనే.

మూడేళ్ల వయసులో పొయ్యి మీది మరుగుతున్న నీళ్లు ఒలికి ఫ్రాంజ్ కళ్లు దెబ్బతిన్నాయి. చూపు మళ్లీ పూర్తిగా బాగుపడలేదు. పియానో మీద మాత్రం చిన్నప్పుడే చెయ్యి తిరిగింది. తండ్రికేమో సంగీతంతో కూడు దొరుకుతుందన్న నమ్మకం లేదు. స్థిరమైన ఉద్యోగం చూసుకోమన్నాడు. ఈ మాట విన్నవాళ్లు మన బ్యాచ్‌లో కనీసం సగం మంది ఉంటారు కాబట్టి దీని గురించి ఎక్కువ రాయను.

ఫ్రాంజ్ ఎదురు తిరగలేదు. బుద్ధిగా బ్యాంకులో క్యాషియర్‌గా చేరాడు. దాదాపు రెండున్నరేళ్లు పగలంతా నోట్లు లెక్కపెట్టి, వచ్చిన జీతంతో పియానో, హార్మనీ, స్వరరచన పాఠాలు చెప్పించుకున్నాడు. ఆ తర్వాత బ్యాంకు వదిలేసి ముందు డ్రెస్డెన్‌కి, అక్కణ్నుంచి బెర్లిన్‌కి సంగీతం చదువుకోవడానికి వెళ్లిపోయాడు.

1920ల బెర్లిన్ అంటే పగలు సింఫనీలు, రాత్రి జాజ్. పగటి చదువుకి కావాల్సిన డబ్బుల కోసం ఫ్రాంజ్ రాత్రిళ్లు వైన్‌ట్రాబ్ సింకోపేటర్స్ అనే పేరున్న జాజ్ బృందంలో పియానో వాయించాడు, వాళ్ల పాటలకి వాద్యాల అమరిక చేశాడు. ఆ పరిచయాలే సినిమా దారి చూపించాయి. 1930లో మార్లిన్ డీట్రిచ్‌ని ప్రపంచానికి పరిచయం చేసిన 'బ్లూ ఏంజెల్' వచ్చింది. దానికి బాణీలు ఫ్రెడరిక్ హోలెండర్‌వి. వాటిని ఆర్కెస్ట్రాకి అమర్చి వాయింపించిన పని ఫ్రాంజ్‌ది. అప్పటికి వయసు ఇరవై మూడు. తండ్రి భయం తప్పని తేలినట్టే కనిపించింది.

బెర్లిన్ వీధిలో

1933 జనవరిలో హిట్లర్ గద్దెనెక్కాడు. యూదులు రాసిన సంగీతం, తీసిన సినిమాలు, నడిపే దుకాణాలు ఒక్కొక్కటిగా నిషేధంలోకి పోవడం మొదలైంది. ఒకరోజు ఫ్రాంజ్ బెర్లిన్ వీధిలో నడుస్తుంటే నాజీ మూక చుట్టుముట్టి బాగా కొట్టింది. ఏ తప్పూ చేయలేదు. పుట్టుకే తప్పు. ఆ దెబ్బలు తిన్నాక అతను జర్మనీలో ఉండలేదు. కాబోయే భార్య ఆలిస్‌తో కలిసి పారిస్ చేరుకున్నాడు.

పారిస్‌లో అప్పుడు అలా పారిపోయి వచ్చిన సినిమావాళ్లు చాలామంది ఉన్నారు. నటుడు పీటర్ లోరె, తర్వాత పెద్ద దర్శకుడైన బిల్లీ వైల్డర్, పాత మిత్రుడు హోలెండర్. చవక హోటల్ గదుల్లో ఉంటూ దొరికిన పని చేసుకునేవాళ్లు. దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్ కూడా అక్కడికే వచ్చి 'లిలియోం' (1934) తీశాడు. చనిపోయిన మనిషి పైలోకానికి వెళ్లి తీర్పు విని తిరిగొచ్చే కథ అది. పైలోకానికి ఏ వాద్యం వాడాలి? వాక్స్‌మన్ ఓండ్ మార్తెనోని ఎంచుకున్నాడు. మారిస్ మార్తెనో అనే ఫ్రెంచివాడు 1928లో జనానికి చూపించిన ఎలక్ట్రానిక్ వాద్యం అది. మార్తెనో మొదటి ప్రపంచ యుద్ధంలో రేడియో ఆపరేటర్. రెండు హై ఫ్రీక్వెన్సీ ఆసిలేటర్లని కలిపితే వాటి తేడా చెవికి వినిపించే స్వరంగా బయటికొస్తుంది. ఈసీఈ వాళ్లకి ఇది హెటిరోడైన్ అని ఇప్పటికే తట్టి ఉంటుంది. తీగ లేదు, ఊపిరి లేదు, అయినా మనిషి గొంతులా వణుకుతుంది.

1934లోనే నిర్మాత ఎరిక్ పోమర్ ఒక సినిమా పని మీద వాక్స్‌మన్‌ని హాలీవుడ్‌కి తీసుకెళ్లాడు. ఇంటిపేరు స్పెల్లింగ్ అమెరికన్ల నోటికి తగ్గట్టు మారింది. మళ్లీ సున్నా నుంచి మొదలు.

తేలని కథకి తేలని సంగీతం

అప్పటి హారర్ సినిమాల్లో సంగీతం పరిస్థితి ఏమిటో ఒకసారి చూడాలి. 1931లో యూనివర్సల్ స్టూడియో 'డ్రాకులా', 'ఫ్రాంకెన్‌స్టైన్' తీసింది. రెండూ పెద్ద హిట్లు. రెండిట్లోనూ నేపథ్య సంగీతం దాదాపు లేదు. 'డ్రాకులా' టైటిల్స్ మీద చైకోవ్‌స్కీ 'స్వాన్ లేక్' నుంచి ఓ ముక్క వేసి సరిపెట్టారు. తెర మీద ఎవరూ వాయించకుండా సంగీతం వినిపిస్తే, ఇది ఎక్కడి నుంచి వస్తోందని జనం అనుమానపడతారన్న భయం అప్పట్లో ఉండేది. 1933లో మాక్స్ స్టైనర్ 'కింగ్ కాంగ్'కి పూర్తి స్థాయి సంగీతం రాసి ఆ భయం పోగొట్టాడు.

'ఫ్రాంకెన్‌స్టైన్' తీసిన జేమ్స్ వేల్ దాని రెండో భాగానికి సిద్ధమవుతున్నాడు. అతనికి 'లిలియోం' సంగీతం బాగా నచ్చింది. హాలీవుడ్‌లో ఒక విందులో వాక్స్‌మన్ తారసపడితే అక్కడే విషయం చెప్పాడు. ఈ కథలో చివరి విధ్వంసం తప్ప ఇంకేదీ తేలదు, కాబట్టి నీ సంగీతం కూడా తేలకూడదు అన్నది అతని కోరిక.

తేలకపోవడం అంటే ఏమిటి? మన సంగీతంలో చెప్పుకుంటే తేలిక. రాగం ఎంత దూరం తిరిగినా చివరికి షడ్జమానికి చేరాలి. సా దగ్గర ఆగితే ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కున్నట్టు ఉంటుంది. నీ దగ్గర ఆపేసి గాయకుడు లేచి వెళ్లిపోతే? కచేరీలో కూర్చున్న ప్రతివాడికీ గొంతులో ఏదో అడ్డంపడినట్టు ఉంటుంది. పాశ్చాత్య సంగీతంలోనూ ఇంతే. అపస్వరంగా మోగే స్వరమేళం సుస్వరంలోకి దిగాలి. దాన్ని దిగనివ్వకుండా వేలాడదీస్తే వినేవాడి ఒంట్లో బిగువు పెరుగుతూ పోతుంది. వేల్ అడిగింది సినిమా పొడుగునా ఆ బిగువు.

ఇల్లు లేని మనిషిని పిలిచి, ఇంటికి చేరని సంగీతం రాయమన్నారన్నమాట.

'బ్రైడ్' కథ తెలియనివాళ్లకి క్లుప్తంగా చెప్తాను. శవాల ముక్కలతో తయారైన రాక్షసుడు మొదటి భాగంలో మంటల్లో చచ్చిపోయాడనుకుంటారు. బతికే ఉంటాడు. ఊరివాళ్లు వెంటపడి పట్టుకుని, గుంజకి కట్టి మోసుకెళ్లి గొలుసులు వేస్తారు. తప్పించుకుని అడవిలో తిరుగుతుంటే ఒక గుడిసెలోంచి వయొలిన్ వినిపిస్తుంది. వాయిస్తున్నది ఒక గుడ్డి ముసలాయన. కళ్లు లేవు కాబట్టి భయం లేదు. లోపలికి పిలిచి అన్నం పెట్టి, నాలుగు మాటలు నేర్పుతాడు. ఆ స్నేహం కూడా వేటగాళ్లు వచ్చి చెడగొడతారు. తర్వాత ప్రిటోరియస్ అనే వెర్రి శాస్త్రవేత్త ఈ రాక్షసుడికి జోడీ తయారు చేయిస్తాడు. ఆ పెళ్లికూతురు కళ్లు తెరిచి, వరుణ్ని చూసి కెవ్వుమంటుంది. అంతే, అతను మీట లాగి ప్రయోగశాలని తనతో సహా పేల్చేస్తాడు.

వాక్స్‌మన్ ముగ్గురు ముఖ్య పాత్రలకి మూడు ముక్కలు రాసుకున్నాడు. రాక్షసుడిది గొంతులోంచి వచ్చే గర్జన లాంటిది. ప్రిటోరియస్‌ది వంకర నవ్వు లాంటిది. పెళ్లికూతురిది మూడే మూడు స్వరాలు. ఒక్కసారిగా పైకి ఎగిరి, అక్కడ నిలవలేక కొంచెం కిందికి జారుతుంది. చేయి చాస్తే అందకుండా పోయినట్టు. ఈ ముక్కలు సందర్భాన్ని బట్టి నెమ్మదిగా, వేగంగా, వేరే వాద్యం మీద తిరిగి తిరిగి వస్తుంటాయి. తెర మీద మనిషి లేకపోయినా సంగీతం వాడి పేరు చెప్తుంది. ఇప్పుడు మన సినిమాల్లో విలన్ ఎంట్రీకి ముందే బీజీఎం వినిపించి హాలు హోరెత్తుతుంది కదా, ఆ పద్ధతికి తాతగారు ఇలాంటి స్కోర్లు.

జోడీకి ప్రాణం పోసే సన్నివేశం చూసి తీరాలి. ఉరుములు, యంత్రాలు, గాలిపటాలు, పైకి లేచే బల్ల. వీటన్నిటి కింద టింపనీ డ్రమ్ ఒకే లయలో కొడుతూ ఉంటుంది. అది గుండె చప్పుడు. ఆర్కెస్ట్రా దాని మీద పొరలు పొరలుగా లేస్తుంది. పక్కన మన గుండె కూడా అదే లయలో పడిందని కాసేపటికి గాని తెలియదు. తీరా పెళ్లికూతురు నిలబడితే పెళ్లి గంటలు మోగుతాయి. నవ్వాలో భయపడాలో తెలియని క్షణం అది.

ఇదంతా పెద్ద బృందంతో చేశారనుకుంటే పొరపాటు. వాయించింది 22 మంది. కండక్టర్ బకలీనికాఫ్. ఒక్క సిట్టింగులో, తొమ్మిది గంటల్లో రికార్డింగ్ ముగించారు. చివర్లో కోట కూలేటప్పుడు ఒక కర్కశమైన పెద్ద స్వరమేళం పడుతుంది. ఆ పేలుడుకి సినిమా హాలు కూడా అదిరిందనిపించాలన్నది వేల్ ఆలోచన.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది వేరే. కాగడాలు పట్టుకుని ఊరు ఊరంతా ఒక్కడి వెంట పడే సన్నివేశాలకి వాక్స్‌మన్ రాసిన సంగీతం వెంటపడేవాళ్ల పక్షాన లేదు. గుడిసెలో రాక్షసుడి కంట నీళ్లు తిరిగితే వెనక షూబర్ట్ 'ఆవే మరియా' బాణీ వినిపిస్తుంది. తరిమే గుంపు ఎలా ఉంటుందో ఆ సంగీత దర్శకుడు పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు, ఒంటి మీద తెలుసుకున్నాడు. ఆ దెబ్బలే ఈ బాణీలయ్యాయని నేను తేల్చి చెప్పలేను గానీ, ఈ సినిమా చూస్తున్నప్పుడు బెర్లిన్ వీధిని మర్చిపోవడం నా వల్ల కాలేదు.

అదే సమయంలో మన కొండల కింద

'బ్రైడ్' విడుదలైన 1935లోనే తెలుగులో 'శ్రీకృష్ణ లీలలు' వచ్చింది. అందులో కృష్ణుడిగా పాడి నటించిన పన్నెండు పదమూడేళ్ల పిల్లాడు సాలూరు దగ్గర శివరామపురంలో పుట్టిన సాలూరి రాజేశ్వరరావు. అరకు, బొర్రా ఉన్న ఈ తూర్పు కనుమల వరసకే కింది అంచున ఉన్న ఊరు అది. తండ్రి సన్యాసిరాజు మృదంగ విద్వాంసుడు. ఆ పిల్లాడు కలకత్తా వెళ్లి పంకజ్ మల్లిక్, ఆర్.సి. బోరల్ లాంటివాళ్ల దగ్గర ఆర్కెస్ట్రా పని నేర్చుకున్నాడు. 1942లో జెమినీ వాళ్ల 'బాలనాగమ్మ'కి ఎం.డి. పార్థసారథితో కలిసి సంగీతం చేశాడు.

గోథిక్ కథ అంటే యూరప్ సొత్తే అనుకుంటాం గానీ, బాలనాగమ్మ కథ చూడండి. మాయల మరాఠీ రాణిని కుక్కగా మార్చి ఎత్తుకుపోతాడు. ఏళ్ల తరబడి తన కోటలో బంధిస్తాడు. వాడి ప్రాణం సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. కోట, చెర, మంత్రం, చావు లేని దుర్మార్గుడు. ఇంకేం కావాలి? గోవిందరాజుల సుబ్బారావు మరాఠీగా వేసిన ఆ సినిమా మన జనాన్ని వణికించింది. ఆ తర్వాత విఠలాచార్య అస్థిపంజరాల వరకు మన భయాలకీ ఒక దారి పడింది. అక్కడ 22 మందితో రికార్డింగ్ చేసినట్టే ఇక్కడా హార్మోనియం, తబలా దాటి వాద్యబృందం పెరుగుతున్న కాలం అది. మనవాళ్ల ఆర్.ఆర్. చరిత్ర ఎవరైనా కూర్చుని రాస్తే బాగుండు.

కనిపించని మనిషికి సంగీతం

వాక్స్‌మన్ తర్వాతి ఏళ్లని గబగబా చెప్పేయొచ్చు. 'బ్రైడ్' దెబ్బకి యూనివర్సల్ అతన్ని సంగీత విభాగానికి అధిపతిని చేసింది. ఆ స్కోర్ ముక్కలని స్టూడియో 'ఫ్లాష్ గోర్డన్' లాంటి సీరియల్స్‌కి మళ్లీ మళ్లీ వాడుకుంది. తర్వాత ఎంజీఎం, వార్నర్ స్టూడియోలు. ఏడాదికి బోలెడు సినిమాలు.

వాటిలో ఆగాల్సింది 1940లో హిచ్‌కాక్ తీసిన 'రెబెకా' దగ్గర. కొత్తగా పెళ్లయిన అమ్మాయి పెద్ద బంగళాలో అడుగుపెడుతుంది. చనిపోయిన మొదటి భార్య రెబెకా నీడ ప్రతి గదిలో ఉంటుంది. గమ్మత్తు ఏమిటంటే సినిమా మొత్తంలో రెబెకా ఒక్కసారీ కనిపించదు. ఫ్లాష్‌బ్యాక్ లేదు, దెయ్యం లేదు. ఆమె ఉందని చెప్పే బరువు చాలావరకు సంగీతం మీదే పడింది. రెబెకా ప్రస్తావన వచ్చినచోట వాక్స్‌మన్ మామూలు ఆర్కెస్ట్రా నడుమ నోవాకార్డ్‌ని వినిపించాడు. హామండ్ కంపెనీ 1939లో మార్కెట్లోకి తెచ్చిన ఎలక్ట్రానిక్ కీబోర్డ్ అది. లోపల 163 వాక్యూమ్ ట్యూబులు. ఇప్పటి సింథసైజర్లకి పెద్దమ్మ అనుకోండి. వయొలిన్ల మధ్య ఆ లోహపు వణుకు వినిపించగానే, ఈ గదిలో మనకి తెలియనివాళ్లు ఇంకొకరున్నారనిపిస్తుంది. ఈ కథే హిందీలో 1964లో 'కోహ్‌రా'గా, హేమంత్ కుమార్ సంగీతంతో వచ్చింది.

1950లో పాత పారిస్ మిత్రుడు బిల్లీ వైల్డర్ 'సన్‌సెట్ బూలెవార్డ్' తీశాడు. కథ చెప్పేది ఈతకొలనులో తేలుతున్న శవం. పాడుబడ్డ బంగళాలో, జనం మర్చిపోయిన మూకీ సినిమా నటి తనింకా పెద్ద స్టార్‌నని నమ్ముతూ బతుకుతుంటుంది. దెయ్యం లేని దెయ్యాల కొంప. ఆ సంగీతానికి వాక్స్‌మన్‌కి ఆస్కార్ వచ్చింది. మరుసటి ఏడాది 'ఎ ప్లేస్ ఇన్ ద సన్'కి ఇంకోటి. ఒకప్పుడు చవక హోటళ్లలో రోజులు వెళ్లదీసిన ఇద్దరు శరణార్థులు కలిసి హాలీవుడ్‌కే అద్దం పట్టారు.

రెండు ఆస్కార్లు ఇంట్లో పెట్టుకున్న మనిషి 1954లో అకాడమీకి రాజీనామా చేశాడు. కారణం తనకేదో దక్కలేదని కాదు. 'ద రోబ్' సినిమాకి ఆల్‌ఫ్రెడ్ న్యూమన్ చేసిన సంగీతాన్ని నామినేషన్లలో పెట్టలేదని. న్యూమన్ అదే పరిశ్రమలో తనకి పోటీదారు. పోటీదారుకి జరిగిన అన్యాయానికి మనం ఏమాత్రం లేచి నిలబడతామో ఎవరికి వారు ఆలోచించుకోవాల్సిందే.

సినిమా డబ్బులు వస్తున్నా సంగీత కచేరీ మీద మోజు పోలేదు. 1947లో లాస్ ఏంజెలిస్‌లో ఒక సంగీతోత్సవం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు నడిపాడు. స్ట్రావిన్‌స్కీ, షోస్టకోవిచ్ లాంటి ఆధునికుల రచనలని అక్కడి శ్రోతలకి వినిపించాడు. వయొలిన్ విద్యార్థులు ఇప్పటికీ చెమటలు కక్కుతూ సాధన చేసే 'కార్మెన్ ఫాంటసీ' ఆయనదే. అది కూడా ఒక సినిమా కోసం రాసిందే.

చివరి పాటలు

1960ల మధ్యలో వాక్స్‌మన్ ఒక పని చేపట్టాడు. అప్పటి చెకొస్లొవాకియాలోని టెరెజీన్‌లో నాజీలు యూదులని బంధించిన శిబిరం ఉండేది. వేలమంది పిల్లలు అక్కణ్నుంచి చావు శిబిరాలకి వెళ్లిపోయారు. ఆ పిల్లలు టెరెజీన్‌లో ఉండగా రాసుకున్న కవితలు కొన్ని దొరికాయి. వాటిని తీసుకుని గాయనికి, బృందగానానికి, పిల్లల గొంతులకి, ఆర్కెస్ట్రాకి కలిపి 'సాంగ్ ఆఫ్ టెరెజీన్' రాశాడు. 1965లో దాన్ని మొదటిసారి వినిపించారు.

ముప్ఫై ఏళ్ల కిందట కల్పిత రాక్షసుడికి కన్నీళ్లు రాసిన మనిషి ఈసారి నిజంగా జరిగిన దానికి రాయాల్సి వచ్చింది. బెర్లిన్ వీధిలో దెబ్బలు తిని తాను బయటపడ్డాడు. బయటపడలేని పిల్లల మాటలు ఆయన చేతికి వచ్చాయి. ఇక్కడ కోట లేదు, మీట లేదు, పేలిపోయే ప్రయోగశాల లేదు. పిల్లల గొంతులే ఉన్నాయి.

1967 ఫిబ్రవరి 24న లాస్ ఏంజెలిస్‌లో క్యాన్సర్‌తో వాక్స్‌మన్ చనిపోయాడు. వయసు 60. ఆయన పుట్టిన ఊరు జర్మనీ చేతుల్లోంచి పోయి, పేరు కూడా మారి, ఇప్పుడు పోలండ్‌లో హోజువ్ అయింది. రాతప్రతులు అమెరికాలో సిరక్యూస్ యూనివర్సిటీలో భద్రంగా ఉన్నాయి. 1999లో అమెరికా తపాలా శాఖ హాలీవుడ్ సంగీతకారుల పేరిట వేసిన స్టాంపుల్లో ఒకదాని మీద ఆయన బొమ్మ ఉంది.

'బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్' నిడివి గంటంపావే. సెమిస్టర్ పరీక్షల ముందు రోజు కూడా చూసేయొచ్చు. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. గుడిసె సన్నివేశం వచ్చినప్పుడు తెర మీద బొమ్మ కంటే వెనక సంగీతాన్ని పట్టించుకోండి. పెళ్లికూతురి మూడు స్వరాలు ఎన్నిసార్లు పైకి ఎగిరి జారిపోతాయో లెక్కపెట్టండి. మీ లెక్క ఎంత వచ్చిందో క్లబ్ గ్రూపులో రాయండి, పోల్చి చూసుకుందాం.